రోజుకు మూడు వాక్యాలు: ఆగిపోని డైరీకి కావలసినవి

జనవరి మొదటి వారంలో చాలా ఇళ్లకు కొత్త డైరీలు వస్తాయి. బ్యాంకు ఇచ్చింది ఒకటి, బీమా ఏజెంటు తెచ్చింది ఒకటి, తిరుమల దేవస్థానం వారిది కొనుక్కున్నది ఒకటి. మొదటి పేజీలో పేరు, చిరునామా, బ్లడ్ గ్రూపు పొందికగా రాస్తాం. ఒకటో తేదీ పేజీ నిండుతుంది. రెండోదీ నిండుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్తాం, డైరీ ఇంట్లోనే ఉండిపోతుంది. తిరిగి వచ్చేసరికి నాలుగైదు పేజీలు ఖాళీగా కనిపిస్తాయి. వాటిని ఎప్పుడు పూర్తి చేయాలా అనుకుంటూండగానే మరో వారం గడుస్తుంది. నెలాఖరుకు ఆ పుస్తకం కిరాణా సరుకుల జాబితాలకో, పిల్లల లెక్కలకో వెళ్లిపోతుంది.

తమ బద్ధకం వల్లే ఇలా జరిగిందని చాలామంది అనుకుంటారు. అది సరైన కారణం కాదు. ఎందుకంటే అదే ఇంట్లో మరో రాత పని ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది. అది పాల లెక్క. వంటింటి గోడకు క్యాలెండరు వేలాడుతుంటుంది. దాని మేకుకే దారంతో కట్టిన పెన్ను ఉంటుంది. పొద్దున్నే పాలు పోయించుకుని గిన్నె లోపల పెట్టగానే ఇంటావిడ ఆ రోజు గడిలో ‘1’ అని రాస్తుంది. అర లీటరు ఎక్కువ తీసుకుంటే ‘1½’ అవుతుంది. పాలాయన రాకపోతే సున్నా చుడుతుంది. అదే క్యాలెండరు మీద గ్యాస్ బండ వచ్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు, చీటీ డబ్బు కట్టిన రోజు కూడా ఉంటాయి. ఆవిడను ‘మీకు రోజూ రాసే అలవాటు ఉందా’ అని అడిగితే లేదంటుంది. కానీ ఏడాది పొడవునా రాస్తూనే ఉంది.

ఈ లెక్క ఎందుకు ఆగదో చూద్దాం. రాసే చోటు మారదు. పెన్ను వెతుక్కోనక్కర్లేదు. రాయాల్సింది ఒక్క అంకె. ఏ పని తర్వాత రాయాలో ముందే ఖాయమైపోయింది. ఒక రోజు నాగా పడితే క్యాలెండరు పాడైపోయిందని ఎవరూ బాధపడరు. మర్నాడు మర్నాటి గడిలో రాస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, నెలాఖరున ఆ లెక్క చదువుతారు, దాన్ని బట్టే డబ్బులిస్తారు. రాసింది పనికొస్తుంది కనుక రాత నిలుస్తుంది. డైరీకి కూడా ఇవే కావాలి. డైరీ రాయడానికి సాహిత్య ప్రతిభ అవసరం లేదు, ఉక్కు సంకల్పమూ అవసరం లేదు. దానికి కావలసింది పాల లెక్కకున్న అమరిక.

అలవాటు ఎలా ఏర్పడుతుంది

అలవాటు అంటే ఏమిటో ముందు స్పష్టం చేసుకోవాలి. ఒక పనిని ఇష్టంగా చాలాసార్లు చేయడాన్ని మనస్తత్వ శాస్త్రం అలవాటు అనదు. ఒక సందర్భం ఎదురవగానే ఆలోచించకుండా ఆ పని మొదలైపోతే దాన్ని అలవాటు అంటుంది. ఆ సందర్భాన్ని ప్రేరకం (పనిని గుర్తుచేసే గుర్తు) అంటారు. ఆలోచన లేకుండా పని సాగిపోయే గుణాన్ని స్వయంచాలకత (చెయ్యి దానంతటదే కదలడం) అంటారు. ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడవడం ఇలాంటిదే. విడవాలా వద్దా అని రోజూ నిర్ణయించుకోం.

ఇది ఏర్పడటానికి 21 రోజులు చాలంటారు. ఈ సంఖ్య మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. కొత్త పనిని రోజూ చేయడం గురించి ఆయన ప్రయోగమేమీ చేయలేదు. చేతులు మారుతూ మారుతూ ‘కనీసం’ అన్న మాట జారిపోయింది, 21 మాత్రం మిగిలింది. దీనివల్ల ఒక నష్టం ఉంది. ఇరవై రెండో రోజు కూడా బలవంతంగానే రాయాల్సి వస్తే, లోపం మనలోనే ఉందనుకుని మానేస్తాం.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు దీన్ని నేరుగా పరిశీలించారు. ఆ వ్యాసం 2010లో అచ్చయింది. 96 మంది ఒక్కొక్కరు ఒక్కో చిన్న పనిని ఎంచుకున్నారు. భోజనంతో పాటు పండు తినడం, పొద్దున టిఫిన్ తర్వాత కొంత నడవడం లాంటివి. దాన్ని 12 వారాల పాటు ఒకే సందర్భంలో చేస్తూ, ఎంత అలవోకగా జరుగుతోందో నమోదు చేశారు. ఆ లెక్కలను గణిత నమూనాలో పెట్టి చూస్తే, పని దాదాపు పూర్తిగా స్వయంచాలకం కావడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వచ్చింది. మధ్యస్థం (సగం మంది ఇంతకన్నా ముందు, సగం మంది తర్వాత చేరుకునే సంఖ్య) 66 రోజులు. అంటే రెండు నెలలు దాటాక కూడా డైరీ కోసం కొంత ప్రయత్నం అవసరమైతే అది మామూలే.

ఈ అధ్యయనంలో మనకు ఎక్కువ పనికొచ్చేది మరొకటి ఉంది. మధ్యలో ఒక రోజు పని తప్పిపోతే, అలవాటు ఏర్పడే తీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డైరీలు ఎక్కువగా ఎక్కడ ఆగిపోతాయో గుర్తు చేసుకోండి. తప్పిపోయిన మొదటి రోజు వల్ల ఆగవు. ఆ రోజును పూరించాలన్న పట్టుదల వల్ల ఆగుతాయి. ఒక రోజు బాకీ రెండు రోజుల బాకీ అవుతుంది. మూడో రోజుకు మూడు పేజీలు రాయాల్సి వస్తుంది. అప్పుడు పుస్తకం తెరవడమే మానేస్తాం.

అందుకని నాగాకు ముందే ఒక నియమం పెట్టుకోవాలి. తప్పిపోయిన రోజును వెనక్కి వెళ్లి రాయకూడదు. ఖాళీ కూడా వదలకూడదు. తర్వాతి తేదీ వేసి, ఆ రోజుది రాసుకుంటూ పోవాలి. పది రోజులు ఊళ్లో లేకపోతే ‘పదో తేదీ నుంచి ఇరవై దాకా అమ్మ దగ్గర’ అన్న ఒక్క వాక్యం చాలు. ఎందుకు రాయలేదో సంజాయిషీ అక్కర్లేదు. తేదీలు అచ్చు వేసిన డైరీకన్నా మామూలు నోటుపుస్తకం మేలని నేను చెప్పేది ఇందుకే. అచ్చు డైరీలో ప్రతి నాగా ఒక తెల్ల పేజీగా కళ్ల ముందు నిలుస్తుంది. నోటుపుస్తకంలో అది కనిపించదు.

ఏ పనికి ముడి వేయాలి

‘రేపటి నుంచి రోజూ డైరీ రాస్తాను’ అనేది కోరిక మాత్రమే. అందులో ఎప్పుడు, ఎక్కడ అన్నవి లేవు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి బదులుగా అమలు సంకల్పం (‘ఇది జరగగానే అది చేస్తాను’ అని ముందే ముడి వేసుకోవడం) అనే పద్ధతిని విస్తృతంగా పరిశోధించి, 1999లో ఒక సమీక్షా వ్యాసంలో వివరించారు. ఉద్దేశం మాత్రమే ఉన్నవారికన్నా, సందర్భాన్ని కూడా నిర్ణయించుకున్నవారు అనుకున్న పనిని ఎక్కువగా పూర్తి చేస్తారని ఈ పరిశోధనలు చూపాయి. కారణం సులభంగానే అర్థమవుతుంది. సాయంత్రానికి మనం అలసిపోతాం. అప్పుడు ‘రాయనా, మాననా’ అని ఆలోచించే పరిస్థితి వస్తే మానేయడమే గెలుస్తుంది. సందర్భం ముందే ఖాయమై ఉంటే ఆ ఆలోచనకు చోటుండదు.

గడియారాన్ని నమ్ముకోవడం కన్నా ఇంట్లో తప్పక జరిగే పనిని నమ్ముకోవడం మంచిది. రాత్రి తొమ్మిదిన్నర అనుకుంటే, పెళ్లికి వెళ్లిన రోజు తొమ్మిదిన్నరకు పందిట్లో ఉంటాం. హైదరాబాద్‌లో షిఫ్టుల్లో పనిచేసేవారికి తొమ్మిదిన్నర ఒక వారం రాత్రి, మరో వారం పని మధ్యలో. వరి కోతల కాలంలో రైతుకు ఆ వేళకు నిద్ర. కానీ ఫోను చార్జింగ్‌కు పెట్టడం ఎక్కడున్నా జరుగుతుంది. రాత్రి మాత్ర వేసుకోవడం, పాలు తోడేయడం, తలుపు గడియ వేయడం కూడా అంతే. వీటిలో మీ ఇంట్లో ఎన్నడూ తప్పనిది ఏదో చూసి దానికి ముడి వేయండి. ‘పాలు తోడేశాక, ఫ్రిజ్ మీదున్న పుస్తకం తీసి, నిలబడే మూడు వాక్యాలు రాస్తాను.’ ఇంత కచ్చితంగా ఉండాలి. పుస్తకం ఉండే చోటు కూడా ఆ వాక్యంలో ఉండటం గమనించండి. పుస్తకం బీరువాలో ఉంటే రాత ఆగిపోతుంది. పెన్ను పుస్తకానికే కట్టి ఉండాలి.

రాత్రే రాయాలని లేదు. నిద్ర ముంచుకొచ్చే వారు పొద్దున కాఫీ తాగుతూ నిన్నటిది రాసుకోవచ్చు. ఒక రాత్రి నిద్రపోయి లేచాక గుర్తున్నదే రాయడం వల్ల అనవసరమైనవి వాటంతటవే రాలిపోతాయి కూడా.

ఇక ఎంత రాయాలన్నది. ఉత్సాహంగా ఉన్న రోజును కొలతగా పెట్టుకోకూడదు. జ్వరంతో పడుకున్న రోజు, బస్సులో పన్నెండు గంటలు కూర్చుని దిగిన రోజు ఎంత రాయగలరో అదే మీ కొలత. చాలామందికి అది మూడు వాక్యాలు. నాలుగైదు వరుసలు పడుతుంది. పాతిక వరుసల పేజీలో ఐదు రోజులు ఇముడుతాయి. ఏడాదికి 73 పేజీలు. 200 పేజీల మామూలు నోటుపుస్తకం రెండున్నరేళ్లకు పైగా వస్తుంది. రోజుకు పేజీ చొప్పున ఇచ్చే డైరీలో ఇదే మూడు వాక్యాలు రాస్తే పేజీలో ముప్పాతిక వంతు ఖాళీగా మిగిలి, ఇంకా రాయాలేమో అనిపిస్తుంది. రాయాలనిపించిన రోజు రెండు పేజీలు రాయండి, అడ్డేమీ లేదు. కానీ మర్నాడు మళ్లీ మూడు వాక్యాలే బాకీ.

ఏం రాయాలి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. డైరీ అంటే అంతరంగం విప్పాలని, లోతైన మాటలు రాయాలని ఒక అభిప్రాయం ఉంది. పుస్తకం ముందు కూర్చుంటే చెప్పుకోదగ్గదేమీ జరగలేదనిపిస్తుంది. ‘ఈ రోజు బాగానే గడిచింది’ అని రాసి మూసేస్తారు. నెల తర్వాత తిరగేస్తే ముప్పై రోజులూ బాగానే గడిచినట్టుంటుంది. ఏ రోజూ గుర్తుకు రాదు. చదివితే ఏమీ దొరకని పుస్తకంలో ఎవరూ ఎక్కువ కాలం రాయరు.

జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దీనికి దారి దొరుకుతుంది. విల్లెమ్ వాగెనార్ అనే డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీదే ఒక ప్రయోగం చేసుకున్నాడు. ఆరేళ్ల పాటు తన జీవితంలో జరిగిన సంఘటనలను నమోదు చేశాడు. మొత్తం సుమారు 2,400. ప్రతి సంఘటనకూ నాలుగు సంగతులు విడివిడిగా రాశాడు: ఏం జరిగింది, ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు. నిజంగా గుర్తొచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి ఒక ప్రత్యేకమైన వివరం కూడా జోడించాడు. తర్వాత వీటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ మిగిలినవి ఎంతవరకు గుర్తొస్తాయో పరీక్షించుకున్నాడు. ఫలితాలు 1986లో ప్రచురించాడు. ‘ఏం జరిగింది’ అన్నదే అన్నిటికన్నా బలమైన జ్ఞాపక సూచిక (మరచినదాన్ని బయటికి లాగే ఆధారం). ‘ఎవరు’, ‘ఎక్కడ’ దాని తర్వాత వచ్చాయి. ‘ఎప్పుడు’ ఒక్కటే ఇస్తే దాదాపు ఏమీ గుర్తు రాలేదు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, తేదీ మాత్రమే పట్టుకుని గడిచిన రోజును తలుచుకోలేం. గత ఏడాది ఆగస్టు తొమ్మిదిన ఏం చేశారని అడిగితే ఎవరూ చెప్పలేరు. రెండోది, సంఘటన, మనిషి, చోటు, ఒక చిన్న వివరం దొరికితే పోయిందనుకున్న రోజు చాలావరకు తిరిగి వస్తుంది. అంటే డైరీలో రోజునంతా రాయనక్కర్లేదు. రోజును తిరిగి రప్పించే ఆధారాలు రాస్తే చాలు. మిగతాది మీ తలలోనే ఉంది.

ఒకరు ఇలా రాశారనుకుందాం: ‘మంగళవారం. కుళాయి రాలేదు, పక్కింటి వాళ్ల బోరు నుంచి రెండు బిందెలు తెచ్చుకున్నాం. నాన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుని పేపరంతా చదివి, అక్షరాలు పెద్దవి చేశారా అన్నారు. బుజ్జిగాడు వీధి చివర వేపచెట్టు దాకా సైకిలు తొక్కాడు.’ ఇందులో ఒక్క భావం పేరు కూడా లేదు. సంతోషమనీ, విసుగనీ, ప్రేమనీ రాయలేదు. అయినా మూడూ ఉన్నాయి. పదేళ్ల తర్వాత చదివితే బిందె బరువు, నాన్న గొంతు, పిల్లవాడి వెనక పరుగెత్తిన కాళ్లు గుర్తొస్తాయి. దీన్ని రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే ఉంది. గోదావరి యాసైనా, కరీంనగర్ యాసైనా, సగం ఇంగ్లీషు కలిసినదైనా, మీ నోటి మాట ఎలా ఉంటే అలాగే రాయండి. రాత కోసం భాష మార్చుకుంటే రోజూ ఆ శ్రమ పడాల్సి వస్తుంది, అది కూడా మానేయడానికి ఒక కారణమవుతుంది.

‘మా ఇంట్లో రోజూ ఒకటే కదా, ఏముంది రాయడానికి’ అనేవారికి మరో పరిశోధన జవాబు చెబుతుంది. హార్వర్డ్‌లో టింగ్ జాంగ్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనమిది. ఈమధ్య ఎవరితోనో జరిగిన సంభాషణ, వింటున్న పాటలు, స్నేహితులతో చేసిన పనుల వంటివి విద్యార్థుల చేత రాయించి దాచారు. మూడు నెలల తర్వాత వీటిని చదవడం ఎంత ఆసక్తిగా ఉంటుందో ముందే అంచనా వేయమన్నారు. గడువయ్యాక చదివినప్పుడు, వారి ఆసక్తి ఆ అంచనాను మించింది. మామూలు రోజుల విలువను మనం ముందుగా తక్కువ కట్టుకుంటాం. పెళ్లిళ్లు, ప్రయాణాలు ఎలాగూ ఫొటోల్లో ఉంటాయి. వాటి మధ్యనున్న వందలాది మంగళవారాలకే రాత అవసరం.

దీనికి తెలుగులో గొప్ప నిదర్శనం ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ (రెండు భాషల వారి మధ్య మాట చేరవేసే ఉద్యోగి). 1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ప్రతి మజిలీ దగ్గరా తాను చూసింది రాసిపెట్టారు. ఊరి పేరు, దారి ఎలా ఉంది, ఏ నది దాటాలి, దిగడానికి చోటుందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, జనం ఎలా మసలుతున్నారు. వాటిని మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్లకు పంపేవారు. వీరాస్వామయ్య గతించాక, 1838లో ఆ మిత్రుడి పూనికతో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఆనాటి దక్షిణ, మధ్య భారతంలో రోడ్లు, సత్రాలు, ధరలు, ఆచారాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి చరిత్రకారులు ఈ పుస్తకాన్ని ఇప్పటికీ తెరుస్తారు. రాసిన రోజున అవి దారిన పోయే ప్రతివారికీ తెలిసిన మామూలు సంగతులే.

ఆయన పద్ధతిలో మరో మెళకువ ఉంది. రాతకు ఎదురుచూసే మనిషి ఒకరున్నారు. ఇంటికి దూరంగా ఉన్నవారికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. డల్లాస్‌లోనో దుబాయిలోనో ఉన్నవాళ్లు వారానికోసారి తమ డైరీలో నుంచి నాలుగు వాక్యాలు అమ్మానాన్నలకు చదివి వినిపించవచ్చు. ‘ఏం విశేషాలు’ అంటే ‘ఏమీ లేవు’ అని ముగిసే ఫోన్‌కాల్ కన్నా అది మేలు.

మనసులో బరువున్నప్పుడు

డైరీ రాస్తే మనసు తేలికపడుతుందని వింటుంటాం. ఇందులో నిజముంది, హద్దూ ఉంది. టెక్సస్‌లో జేమ్స్ పెన్‌బేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున తమను తీవ్రంగా గాయపరిచిన అనుభవాల గురించి రాశారు. జరిగినదాన్నీ, దానిపై తమ భావాలనూ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో కళాశాల ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లారు. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలు వందకు పైగా వచ్చాయి. అన్నిటినీ కలిపి చూస్తే సగటు మేలు ఉంది, కానీ చిన్నది. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, అది నాలుగు రోజుల రాత. రాసిన రోజుల్లో చాలామందికి మనసు మరింత బరువెక్కింది కూడా. ప్రతి రాత్రీ గాయాన్ని కెలుక్కోవడానికి ఆ ప్రయోగం ఆధారం కాదు.

రోజూ ఒకే బాధను, ఒకే మనిషి మీద కోపాన్ని అవే మాటల్లో రాస్తుంటే దాన్ని చింతన వలయం (ముందుకు సాగక తిరిగి తిరిగి అక్కడికే వచ్చే ఆలోచన) అంటారు. అది మనసును తేలికపరచదు. అలాంటప్పుడు భావాలు పక్కనపెట్టి జరిగినవి మాత్రమే రాయండి. ఎవరు ఏమన్నారు, నేను ఏమన్నాను, తర్వాత ఏం చేశాను. వారాల తరబడి నిద్ర, ఆకలి తగ్గి పనులు సాగకపోతే డైరీ మీద ఆధారపడి కూర్చోకండి, వైద్యుల్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయవాణి 14416కు ఉచితంగా ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

పక్క మీద చేరగానే రేపటి పనులు గుర్తొచ్చి నిద్ర పట్టనివారికి ఒక చిన్న సాయం ఉంది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పరిశీలించి, ఫలితాలను 2018లో ప్రచురించింది. పడుకునే ముందు ఐదు నిమిషాల పాటు కొందరు చేయాల్సిన పనుల జాబితా రాశారు, కొందరు అయిపోయిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవారు సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. అధ్యయనం చిన్నదే. అయినా ఖర్చు లేని పని కనుక మూడు వాక్యాల కింద ‘రేపు’ అని రాసి రెండు పనులు వేసుకోవచ్చు.

ఇంట్లోవాళ్లు చదువుతారేమోనన్న భయం గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో, ముఖ్యంగా కోడళ్లకు, ఎదిగిన పిల్లలకు ఇది నిజమైన అడ్డంకి. 1660 నుంచి 1669 దాకా లండన్‌లో సామ్యూల్ పీప్స్ రాసిన ప్రసిద్ధ డైరీ దాదాపు అంతా సంక్షిప్త లిపిలో ఉంది. ఒకటిన్నర శతాబ్దం తర్వాత గానీ దాన్ని పూర్తిగా విప్పి చదవలేదు. మనకు అలాంటి లిపి అక్కర్లేదు. పైన చెప్పినట్టు సంగతులు మాత్రమే రాసే డైరీ ఎవరి చేతిలో పడినా పెద్ద ప్రమాదం ఉండదు. నోట్లో నుంచి రాకూడని మాట రాయాలనిపిస్తే విడి కాగితం మీద రాసి చింపేయండి. ఇంట్లోవాళ్లు కూడా ఒక పని చేయాలి. ఎవరి పుస్తకమైనా అడగకుండా తెరవకండి. చదివేశారని తెలిసిన రోజుతో ఆ మనిషి రాత ఆగిపోతుంది.

పుస్తకమా, ఫోనా అంటే నాది పుస్తకం వైపే మొగ్గు. ఫోను తెరిస్తే ముందు వాట్సాప్ కనిపిస్తుంది. రాయడానికి వచ్చామన్న సంగతి పది నిమిషాల తర్వాత గుర్తొస్తుంది. కంటి చూపు తగ్గినవారికి, చేతులు వణికేవారికి మాత్రం ఫోనులో తెలుగులో చెబితే టైపు చేసే సదుపాయం ఎంతో మేలు.

చదవడం

పాల లెక్కను నిలబెట్టేది నెలాఖరు. డైరీకి కూడా నెలాఖరు ఉండాలి. ఈ ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ ఉన్నా రాత కొన్నాళ్లకు సన్నగిల్లుతుంది. నెల చివరి ఆదివారం పావుగంట పెట్టుకుని ఆ నెలంతా చదవండి. ఆరు పేజీలే ఉంటుంది. కొన్ని సంగతులు అప్పుడే కనిపిస్తాయి. తలనొప్పి వచ్చిన రోజులన్నీ టిఫిన్ మానేసిన రోజులే కావచ్చు. కలవాలనుకున్న స్నేహితుడి పేరు మూడు వారాలుగా ‘రేపు’ కిందే ఉండిపోవచ్చు. డాక్టరు ‘ఈ నొప్పి ఎన్నాళ్లుగా’ అని అడిగితే చూపించడానికి తేదీ దొరుకుతుంది. రెండో ఏడాదికి ఇంకో ప్రయోజనం మొదలవుతుంది. రాసే ముందు నిరుడు ఇదే తేదీన ఏముందో చూడవచ్చు. ఆ కుతూహలం కోసమే పుస్తకం తెరిచే స్థితి వస్తే ఇక ఏ నియమమూ అక్కర్లేదు.

మొదలుపెట్టడానికి జనవరి రావక్కర్లేదు. ఇంట్లో సగం వాడి వదిలేసిన నోటుపుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రి తేదీ వేసి, ఈ రోజు కలిసిన ఒక మనిషి పేరు, జరిగిన ఒక సంగతి, చూసిన ఒక చోటు రాయండి. ఇంట్లో రాయడం రాని పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని ‘ఇవాళ ఏం జరిగింది’ అని అడిగి, వాళ్లు చెప్పిన మాటల్నే మార్చకుండా రాసిపెట్టండి. వాళ్ల పేరుతో ఒక పుస్తకం వేరుగా ఉంచండి. ఆ పని తర్వాత చేద్దామని వాయిదా వేయకండి.